పొద్దున మొండికేసి మధ్యాహ్నం దారికొచ్చే కుట్టు మిషన్: ఒక రిపేరు కేసు

నేపథ్యం

రిపేరుకు వచ్చే ఇంటి మిషన్లలో చాలావాటి సంగతి చూడగానే తెలిసిపోతుంది. సూది తిరగేసి పెట్టి ఉంటారు, కింది దారం చుట్టిన బాబిన్ కూర్చునే కేసులో పీచు ఇరుక్కుని ఉంటుంది, బెల్టు సాగిపోయి ఉంటుంది. వాటి గురించి రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఈ కేసు అలాంటిది కాదు. ఇందులో మిషన్‌ను పాడుచేస్తున్న పనే ప్రతిసారీ దాన్ని బాగుచేసినట్టు కనిపించింది. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలకూ, ఇంట్లో మిషన్ పెట్టుకుని కుట్టుకునేవాళ్లకూ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మిషన్ ఒకావిడది. ఆవిడ హైదరాబాద్‌లో మల్కాజ్‌గిరి వైపు ఉంటారు. ఇంటి దగ్గరే బ్లౌజులు, పిల్లల గౌన్లు కుడతారు. ఎవరో గుర్తుపట్టేలా ఉన్న వివరాలు తీసేశాను, మిషన్ సంగతుల్లో మాత్రం ఏదీ మార్చలేదు. అది మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న నల్లటి పోత ఇనుము మిషన్. తిన్నటి కుట్టు ఒక్కటే వేస్తుంది. కాలితో తొక్కే స్టాండు అలాగే ఉంచి, పక్కన చిన్న మోటారు బిగించుకున్నారు. వెలుతురు బాగుంటుందని గ్రిల్ ఉన్న వరండాలో పెట్టుకున్నారు.

సమస్య

దీపావళి దాటాక మొదలైంది. బట్టను పైనుంచి చూస్తే కుట్టు పర్వాలేదు. తిప్పి చూస్తే కింద దారం లూపులు లూపులుగా వేలాడుతోంది. కొన్నిచోట్ల దారం ఉండ కట్టి, బట్టను ముందుకు జరిపే పళ్ల దగ్గర బట్ట ఇరుక్కుపోతోంది. కొస పట్టుకుని లాగితే కుట్టంతా ఊడి చేతికొస్తోంది.

“అన్నా, కింద దారమే కదా ఖరాబైంది అని బాబిన్ కేస్ కొత్తది తెచ్చి ఏసిన. ఒకరోజు మంచిగ నడుస్తది, తెల్లారితే మళ్ల గదే లొల్లి” అన్నారు ఫోన్లో.

కింద లూపులు పడుతుంటే కిందే వెతకాలని ఎవరికైనా అనిపిస్తుంది. కుట్టు ఎలా పడుతుందో తెలిస్తే మాత్రం చూపు ముందు పైకి పోతుంది. సూది పై దారాన్ని బట్టలోంచి కిందికి తీసుకెళ్తుంది. అట్టడుగుకు చేరి రెండు, రెండున్నర మిల్లీమీటర్లు పైకి లేచేసరికి సూది పక్కన దారం చిన్న లూపుగా ఉబ్బుతుంది. కింద ఆడే షటిల్ (కొక్కెం లాంటి ముక్క) కొన ఆ లూపును అందుకుని బాబిన్ కేసు చుట్టూ తిప్పుతుంది. తర్వాత పైన ఆడే దారం లీవర్ ఆ లూపును వెనక్కి లాగి, రెండు దారాలు పెనవేసుకున్న చోటు బట్ట మందం మధ్యలో పడేలా బిగిస్తుంది. అలా బిగించాలంటే పై దారాన్ని ఎవరో పట్టుకుని ఉండాలి. ఆ పని టెన్షన్ బిళ్లలది, అంటే దారాన్ని మధ్యలో అదిమిపట్టే రెండు గుండ్రటి బిళ్లలది. అవి పట్టు వదిలేస్తే లీవర్ లాగినప్పుడల్లా దారం రీలు వైపు నుంచి వచ్చేస్తుంది, కిందికి వెళ్లిన లూపు అక్కడే ఉండిపోతుంది. కాబట్టి బట్ట కింద వేలాడేది పై దారం. పైన ఎర్ర దారం, బాబిన్‌లో తెల్ల దారం వేసి నాలుగు అంగుళాలు కుట్టి చూస్తే ఎవరికైనా కళ్లకు కనబడుతుంది.

అంతకు ముందు చేసినవి

ఆవిడ సికింద్రాబాద్ జనరల్ బజార్ నుంచి మంచి రకం దారం తెచ్చుకున్నారు. తేడా రాలేదు. దగ్గర్లోని మెకానిక్ ఒకాయన వచ్చి సూది మార్చి, బాబిన్ కేసు స్క్రూ బిగించి, బిళ్లల బిగువు మార్చే టెన్షన్ నట్టును దాదాపు చివరిదాకా తిప్పి వెళ్లారు. మళ్లీ పిలిస్తే సూదిని పట్టుకుని ఉండే కడ్డీ, అంటే నీడిల్ బార్‌ను కూడా కాస్త దించారు. అప్పటినుంచి పలచటి క్రేప్ బట్ట మీద అక్కడక్కడా కుట్టు వదిలేయడం కొత్తగా మొదలైంది. అంటే ఒక జబ్బు మీద ఇంకొకటి వచ్చి చేరింది.

ఇంట్లో అందరూ గట్టిగా నమ్మిన వైద్యం నూనె. వాళ్ల అత్తగారు పొద్దున్నే మిషన్‌కు నాలుగు చుక్కలు నూనె వేసి కాసేపు ఉత్తగా తిప్పితే ఆ పూట బాగా నడుస్తోంది. అందుకని రోజూ వేస్తున్నారు.

మొదటిసారి చూసినప్పుడు

ఇళ్లకు వెళ్లే పని నేను మధ్యాహ్నం తర్వాతే పెట్టుకుంటాను. వెళ్లేసరికి మిషన్ శుభ్రంగా కుడుతోంది. పైనా కిందా అన్నీ బిగించి ఉండడం వల్ల బట్ట కాస్త ముడుచుకుంటోంది తప్ప లూపు ఒక్కటీ లేదు. బట్టను పైనుంచి అదిమిపట్టే ఫుట్‌ను ఎత్తి దారం లాగితే హాయిగా వచ్చింది, ఫుట్ దించి లాగితే గట్టిగా పట్టుకుంది. అలాగే ఉండాలి. ఫుట్ ఎత్తినప్పుడు బట్ట తీసుకోవడానికి వీలుగా బిళ్లలు విడిపోతాయి, దించగానే మూసుకుంటాయి. ఈ పరీక్షకు అరనిమిషం కూడా పట్టదు, ఏ పరికరమూ అక్కర్లేదు. నేను ముందు చేసేది ఇదే.

అక్కడ ఏదీ విప్పకూడదని అనుకున్నాను. నీడిల్ బార్ దించి ఉన్నట్టు, బాబిన్ స్క్రూ అతిగా బిగించి ఉన్నట్టు చూస్తూనే ఉన్నాను. వాటినీ ముట్టుకోలేదు. కారణం ఇది. లోపం కనబడని సమయంలో ఏదైనా మార్చామనుకోండి, మిషన్ బాగా కుడితే అది మనం చేసిన పని వల్లా, అప్పటికే బాగున్నందువల్లా అన్నది ఎప్పటికీ తెలియదు. మళ్లీ చెడితే అసలు లోపమా, మనం మార్చినదాని ఫలితమా అన్నదీ తెలియదు. ఈ మిషన్ విషయంలో అప్పటికే అదే జరిగింది. విప్పితే ఇంకో ప్రమాదం కూడా ఉంది. లోపల ఇరుక్కున్నదేదైనా విప్పే కుదుపుకే జారిపోవచ్చు. అప్పుడు సాక్ష్యం కూడా పోతుంది.

పని చేయకుండా డబ్బు తీసుకోకుండా వెళ్లిపోతుంటే ఆవిడకు నిరాశగా అనిపించిన మాట నిజం. కొలతలు రాసుకునే నోటుబుక్కులోనే ఒక పేజీ కేటాయించి, చెడినప్పుడల్లా టైము, ఏ బట్ట, ఎన్ని పొరలు, నూనె వేయకముందా వేశాకా అన్నవి రాయమన్నాను.

నోటుబుక్కు చెప్పింది

ఆ పేజీ ఫొటో వాట్సాప్‌లో పంపారు. చెడినవన్నీ పొద్దుటివే, తొమ్మిదిన్నర దాటాక ఒక్కటీ లేదు. దాని పక్కనే ఇంకో సంగతీ ఉంది. చెడినవన్నీ లైనింగ్ వేసే బ్లౌజులే. ఆవిడ రాత్రి కత్తిరించి పెట్టుకుని, పొద్దున వంట మొదలుపెట్టకముందే లైనింగ్ అతికే పని ముగించేస్తారు. మామూలు కుట్లు మధ్యాహ్నానికి మిగుల్చుకుంటారు. అందుకే లైనింగ్ బట్టదే తప్పని ఆవిడ నమ్మకం. బట్ట మందం మారితే కుట్టు మారడం నిజంగానే ఉంది కాబట్టి ఆ నమ్మకాన్ని కొట్టిపారేయలేం.

రెండూ కలిసే వస్తున్నప్పుడు విడదీస్తే తప్ప తేలదు. పనులు అటూ ఇటూ మార్చమన్నాను. పొద్దున ఒంటి పొర కాటన్, మధ్యాహ్నం లైనింగ్. ఒంటి పొర కాటన్ మీద కూడా పొద్దున లూపులు పడ్డాయి. లైనింగ్ మధ్యాహ్నం చక్కగా వచ్చింది. లోపం బట్టను వదిలి టైమును పట్టుకుంది.

పొద్దున ఏం మారుతుంది? మొదట కరెంటు మీద అనుమానం వచ్చింది. వోల్టేజి ఎక్కువతక్కువల వల్ల మోటారు వేగం మారవచ్చు. మోటారు బెల్టు తీసేసి, స్టాండు బెల్టు వేసుకుని కాలితో తొక్కి చూడమన్నాను. అలా తొక్కినా అవే లూపులు. దాంతో మోటారు, కరెంటు రెండూ పక్కకు తప్పుకున్నాయి. మిగిలింది చలి.

హైదరాబాద్‌లో డిసెంబర్ పొద్దుటి పూటలు 15 డిగ్రీల దగ్గరికి, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతాయి. మధ్యాహ్నానికి 27, 28 దాకా ఎక్కుతాయి. సముద్రానికి దూరంగా, 500 మీటర్లకు పైన ఎత్తులో ఉన్న ఊరు కాబట్టి ఒక్క రోజులోనే అంత తేడా. ఇంటి లోపల ఇంత తెలియదు గానీ గ్రిల్ వరండాలో తెలుస్తుంది. పైగా పోత ఇనుము అంత త్వరగా వేడెక్కదు. ఎండ వచ్చి మనకు చలి పోయాక కూడా మిషన్ తల చాలాసేపు చల్లగానే ఉంటుంది. అందుకే నోటుబుక్కులో తొమ్మిదిన్నర దాకా ఫిర్యాదులు ఉన్నాయి.

ఏడు గంటలకు

ఆ రోజు నూనె వేయొద్దని ముందే చెప్పి, పొద్దున ఏడింటికి వెళ్లాను. పైన ఎర్ర దారం, కింద తెల్ల దారం. నాలుగు అంగుళాలు కుట్టి తిప్పి చూస్తే ఎర్ర లూపులు బారుగా వేలాడుతున్నాయి. ఫుట్ ఎత్తి దారం లాగితే వదులుగా వచ్చింది. ఫుట్ దించి లాగినా అలాగే వచ్చింది. అంటే ఫుట్ దించినా బిళ్లలు మూసుకోవడం లేదు.

బిళ్లలు మూసుకోకపోవడానికి నాకు తెలిసినవి మూడు కారణాలు. స్ప్రింగు విరగడం, బిళ్లల మధ్య దారం ముక్క ఇరుక్కోవడం, వాటిని విడదీసే పిన్ను వెనక్కి రాకపోవడం. విరిగిన స్ప్రింగు మధ్యాహ్నానికి అతుక్కోదు కాబట్టి అది కాదు. పలచటి గుడ్డను మడిచి బిళ్లల మధ్య అటూ ఇటూ లాగాను, శుభ్రంగా వచ్చింది. దారం ముక్కా లేదు. ఇక పిన్ను.

చాలామందికి ఈ పిన్ను ఒకటి ఉందనే తెలియదు. టెన్షన్ భాగం మధ్యలో ఉన్న కడ్డీ లోపల బోలుగా ఉంటుంది. అందులోంచి సన్నటి పిన్ను వెళ్తుంది. ఫుట్ ఎత్తినప్పుడు లోపలి లీవర్ ఈ పిన్నును బయటికి తోస్తుంది. పిన్ను కొన బిళ్లల ముందున్న చిన్న ప్లేటును నెడుతుంది, స్ప్రింగు ఒత్తిడి బిళ్లల మీద పడకుండా పోతుంది. ఫుట్ దించగానే స్ప్రింగే దాన్ని వెనక్కి తోసేయాలి.

ఆ ప్లేటును వేలితో లోపలికి నొక్కాను. కదలిక చేతికి తెలిసింది. దారం లాగితే బిళ్లలు పట్టుకున్నాయి. ఫుట్ ఎత్తకుండా ఆ గుడ్డ చివరిదాకా కుట్టాను, ఒక్క లూపూ లేదు. ఒకసారి ఫుట్ ఎత్తి దించాను. మళ్లీ లూపులు. మళ్లీ నొక్కాను, పోయాయి. ఆవిడ చేత కూడా అలాగే చేయించాను. లోపాన్ని మనకు కావాలన్నప్పుడు తెప్పించి, వద్దన్నప్పుడు పంపించగలిగితే దాని చోటు దొరికినట్టే.

పిన్ను చలికి ఎందుకు బిగుసుకుంటుంది? మిషన్ నూనె ఇంత చలికి కదలనంత చిక్కబడదు. రోజూ వేసే నూనె చూపించమని అడిగాను. సన్నటి ముక్కు ఉన్న ప్లాస్టిక్ సీసా తెచ్చారు. మిషన్ నూనె లేబులే ఉంది. వంచితే ఏమీ కదల్లేదు. లోపల తెల్లగా గడ్డకట్టి ఉంది.

“దసరాకు మిషన్ కడిగినప్పుడు నూనె అయిపోయింది బాబూ. కొబ్బరినూనె పోసుకున్న దాంట్లో. పొద్దున గడ్డ కడితే వేడినీళ్లల్ల పెట్టి కరగబెట్టి పోస్తున్న” అన్నారు అత్తగారు.

కథంతా అక్కడ విడిపోయింది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంతకు తగ్గితే గడ్డకడుతుంది. అక్టోబర్‌లో పోసినప్పుడు నీళ్లలా జారింది, ఏ ఇబ్బందీ లేదు. చలి మొదలయ్యాక పొద్దున్నే గడ్డకట్టి పిన్నును పట్టేస్తోంది. వేడి నూనె పోయగానే లోపలి గడ్డ కూడా కరిగి పిన్ను కదులుతోంది, దాంతో నూనె తక్కువవడం వల్లే చెడుతోందని అందరికీ నమ్మకం కుదురుతోంది. అలా పోసిన ప్రతి చుక్కా మర్నాటి పొద్దుటికి ఇంకొంచెం గడ్డను పెంచుతోంది. మధ్యాహ్నం కరిగి ఉన్న ఆ సీసా చూసినా తేటగా ఉండే మిషన్ నూనెకూ దానికీ తేడా తెలియదు.

విప్పేముందు ఇంకొక్క రుజువు కావాలనుకున్నాను. ఇంట్లో హెయిర్ డ్రయ్యర్ ఉంటే అడిగి తీసుకుని, టెన్షన్ భాగం మీద కాసేపు వేడి గాలి కొట్టాను. నూనె ఒక్క చుక్క వేయలేదు. ఫుట్ ఎత్తి దించితే బిళ్లలు మూసుకున్నాయి. కుట్టు శుభ్రంగా పడింది. అప్పుడు స్క్రూడ్రైవర్ తీశాను.

చేసిన పని

సూది వైపు మూత (ఫేస్ ప్లేటు) తీసి, టెన్షన్ భాగాన్ని ఒక్కొక్క ముక్కా విప్పుతూ వచ్చిన వరుసలోనే తెల్ల గుడ్డ మీద పరిచాను. నట్టు, అంకెల బిళ్ల, స్ప్రింగు, నెట్టుడు ప్లేటు, రెండు బిళ్లలు, చివరికి పిన్ను. ఫోన్లో ఫొటో కూడా తీసుకున్నాను. ఈ వరుస తప్పితే ఎంత శుభ్రం చేసినా లాభం లేదు. పిన్ను చుట్టూ ఇటుక రంగు ముద్ద పట్టుకుని ఉంది. గోటితో గీరితే పీచు, నూనె, ఎర్రటి పొడి. ఆయుధపూజ రోజు టెన్షన్ నట్టు మీద పెట్టిన పసుపు, కుంకుమ నూనెతో పాటు లోపలికి దిగాయి. పిన్ను కూడా వెంట్రుకవాసి వంగి ఉంది. మామూలుగా ఆ వంపు ఇబ్బంది పెట్టేది కాదు. సందు ముద్దతో నిండిపోవడం వల్ల ఆ కాస్త వంపే పిన్నును ఆపడానికి సాయపడింది. కొబ్బరినూనె ఒక్కటే అయితే టెన్షన్ నట్టు బిగించినప్పుడు స్ప్రింగు బలానికి పిన్ను వెనక్కి వచ్చేదేమో అని నా అంచనా.

మోటారు ప్లగ్గు తీసి, వరండా తలుపు తెరిచి పెట్టి, పొయ్యి ఆర్పించి, ఆ తర్వాతే కిరోసిన్ వాడాను. పెట్రోలు వాడేవాళ్లు ఉన్నారు, ఇంట్లో ఆ పని ఎవరూ చేయకండి. ముక్కలన్నీ కిరోసిన్‌తో తుడిచి ఆరబెట్టాను. పిన్నును చదునైన ఇనుము మీద పెట్టి సరిచేశాను. గరుకు కాగితం పెట్టలేదు. దానితో పడే గీతల్లో మళ్లీ మురికి చేరుతుంది. టెన్షన్ బిళ్లలకు, పిన్నుకు నూనె వేయకుండానే బిగించాను. దారం తగిలే చోట నూనె ఉండకూడదు.

మిగతా మిషన్‌లో కూడా కొబ్బరినూనే ఉంది కాబట్టి నూనె రంధ్రాలన్నింట్లో కిరోసిన్ చుక్కలు వేసి, దారం లేకుండా చేత్తో తిప్పాను. కింద పెట్టిన గుడ్డ మీదికి ముదురు రంగు జిడ్డు కారింది. అది తేటపడే దాకా తుడుస్తూ తిప్పి, బాగా ఆరాక మిషన్ నూనె ఒక్కో చుక్క వేశాను.

ఆ తర్వాత పాత మార్పులను ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకున్నాను. వరుస ముఖ్యం. పై టెన్షన్ కింది దానికి సరితూగాలి కాబట్టి ముందు కింది దాన్ని కుదుర్చుకోవాలి. బాబిన్ కేసును దారంతో వేలాడదీస్తే దానంతటది జారిపోకూడదు, చేతిని చిన్నగా ఎగరేస్తే కొంచెం దిగి ఆగాలి. ఈ మిషన్‌లో కేసు కదలనంతగా దాని స్క్రూ బిగించి ఉంది. పావు చుట్టు కూడా కాకుండా కొద్దికొద్దిగా వదులు చేస్తూ ఆ స్థితికి తెచ్చాను. పై నట్టును మధ్య అంకెలకు తెచ్చి, ఎర్ర తెల్ల దారాల పరీక్ష చేశాను. పైన తెల్ల చుక్కలు, కింద ఎర్ర చుక్కలు కనబడకుండా పోయాయి. చివరగా నీడిల్ బార్. సూది అట్టడుగు నుంచి లేచేటప్పుడు షటిల్ కొన సూది బెజ్జానికి కాస్త పైన దాటాలి. దించి ఉన్నందువల్ల అది లూపు సరిగా ఉబ్బని చోట దాటుతోంది. దాన్ని పూర్వస్థానానికి ఎత్తి, సన్న సూది వేస్తే క్రేప్ మీద కుట్టు వదలడం ఆగింది.

తర్వాత

మధ్యాహ్నం బాగా కుట్టిందని సంతోషపడితే లాభం లేదు, ఈ లోపం పరీక్ష పొద్దునే రాయాలి. చలి ఎక్కువగా ఉన్న పొద్దుటి పూటల్లో లేవగానే అవే రెండు రంగులతో ఒక గుడ్డ పేలిక కుట్టి, తేదీ రాసి దాచమన్నాను. జనవరిలో ఆ పేలికలన్నీ చూపించారు. లూపులు లేవు.

అత్తగారిని ఎవరూ తప్పుపట్టకుండా చూసుకున్నాను. నూనె వేయాలన్న ఆవిడ శ్రద్ధ సరైనదే, సీసాలో ఉన్నది మారింది, అంతే. వంటింటి నూనెల్లో ఏదీ మిషన్‌కు పనికిరాదు. సన్‌ఫ్లవర్, పల్లీ నూనెలు గాలికి మెల్లగా జిగురెక్కుతాయి. కొబ్బరినూనె అలా జిగురెక్కదు గానీ చలికి గడ్డకడుతుంది. పూజలో బొట్టు మిషన్ తల వెడల్పు భాగం మీదో స్టాండు మీదో పెట్టుకుంటే చాలని చెప్పాను. ఆవిడకూ అది నచ్చింది.

ఈ కేసు తర్వాత ఫోన్లో నేను అడిగే ప్రశ్నల వరుస మారింది. మిషన్‌కు ఏమైంది అన్నదానికంటే ముందు, ఎప్పుడు బాగుంటుంది అని అడుగుతున్నాను. ఏం చేస్తే కాసేపు బాగవుతుందో కూడా చెప్పించుకుంటున్నాను. నూనె గురించి అడిగితే సీసా లేబులు చదివించడం మానేసి, రెండు చుక్కలు తెల్ల కాగితం మీద వేసి వాసన చూడమంటున్నాను.

ఒక పని ఇంకా మిగిలే ఉంది. దారం ఉండలు ఇరుక్కున్నప్పుడు బలంగా లాగడం వల్ల షటిల్ కొన దగ్గర చిన్న గీత పడింది. సన్నటి నూనె రాయితో రుద్ది నునుపు చేశాను, కాటన్ దారానికి అడ్డు రావడం లేదు. సిల్కు దారం వేసినప్పుడు తెగితే మాత్రం షటిల్ మార్చాల్సిందే. సంక్రాంతి ఆర్డర్లు అయిపోయాక మిషన్ ఒకరోజు ఖాళీగా ఉంచమని చెప్పాను.